ఇస్త్రీ బల్ల మీద ఏడు పేర్లు

బస్సు నడుస్తోందో ఆగిందో తెలియనంత పొగమంచు. జనవరిలో ఈ కాలిఫోర్నియా లోయలో మంచు ఆకాశం నుంచి దిగదు, దున్నిన నేలలోంచి లేస్తుంది. ఫ్రెస్నో దాటాక డ్రైవరు కిటికీ దించి, చెవులతో బండి నడుపుతున్నాడు. శాన్ టెల్మో పొలిమేరలో రోడ్డు పక్కనుంచి ఒక ఆకారం చెయ్యెత్తింది. దాని చంకలో నాలుగు కాళ్ల జంతువేదో ఉన్నట్టుంది. ఎక్కాక చూస్తే ముసలామె, చంకలో ఇస్త్రీ బల్ల.

"కరవదులే," అంది డ్రైవరుతో. "సీటు కింద పడుకుంటుంది."

ఇడలీనా బోర్బాను అలా మొదటిసారి చూశాను. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో గరిట తిప్పిన మనిషి. ఊళ్లో సగం మంది ఆమె వడ్డించింది తిని పెరిగినవాళ్లే. ఇస్త్రీ బల్ల ఎందుకని అడగలేదు. ఈ రాష్ట్రంలో అర్జీల మీద సంతకాలు సేకరించేవాళ్లకు అదే బల్ల. నడుమెత్తు ఉంటుంది, మడిస్తే చంకలోకి వస్తుంది. పైగా ఇస్త్రీ బల్ల వెనక నిలబడ్డ ఆడమనిషిని చూసి భయపడేవాడెవడు?

మాల్ దగ్గర డ్రైవరు బండి ఆపేశాడు. మంచు విడిచేదాకా కదలనన్నాడు. నేనూ ఆమె వెనకే లోపలికి నడిచాను.

నేను తిరిగిన దేశాల్లో చాలాచోట్ల మనుషులు సంతలో నిలబడి రాజును తిట్టారు, నది గట్టున నిలబడి దేవుణ్ణి తిట్టారు. ఈ లోయ ఊళ్లలో కాలినడకన తిరిగే వీధులు లేవు. జనం జనాన్ని చూసేది మాల్‌లోనే, దానికేమో యజమాని ఉన్నాడు. అక్కడైనా సరే అర్జీ పట్టుకుని నిలబడొచ్చని ఈ రాష్ట్రపు కోర్టు ఎన్నడో చెప్పింది. పక్క రాష్ట్రాల్లో అయితే మెడపట్టి గెంటేవారు. యజమాని కాదనలేక షరతులు పెట్టాడు. వారం ముందు దరఖాస్తు చేసుకోవాలి. నేలమీద పసుపు టేపుతో గీసిన పదడుగుల చదరంలోనే నిలబడాలి. ఎవరినీ కేకేసి పిలవకూడదు. మనుషుల వెంట నడవకూడదు. చదరం దాటితే అనుమతి రద్దు. ఎనిమిది నెలలుగా ఇడలీనా ఆ గీత దాటలేదు. దాటలేదని సాక్ష్యానికి కాపలావాడు ఎర్నీ బాల్దెరాస్ రోజూ ఒక ఫొటో తీసేవాడు.

ఒక్క కాఫీ కొట్టు తప్ప దుకాణాలన్నీ ఇనప తలుపులు దించేసుకున్నాయి. ఎండిన ఫౌంటెన్ అడుగున ఎవరో మొక్కుకుని వేసిన నాణాలు నల్లబడి ఉన్నాయి. పైకప్పు స్పీకర్లలోంచి పాటలు మాత్రం ఎవరికోసమో వస్తూనే ఉన్నాయి. మాల్ ఈ సాయంత్రం అయిదింటికి మూతపడుతుంది, ఇక ఎప్పటికీ తెరవరు. అర్జీ రేపు పొద్దున పురపాలక కార్యాలయంలో ఇవ్వాలి.

"ఇంకా ఏడు సంతకాలు తక్కువ," అంది బల్ల కాళ్లు విప్పుతూ. "మా వీధి రెండు బావుల్లోకీ పొలాల ఎరువు దిగింది. ఆ నీళ్లతో ఒక పసిదానికి పాలు కలిపి పట్టారు. పసిదాని పెదాలు నీలంగా తిరిగాయి. బతికిందిలే. ఆ రెండు బావులూ మూసెయ్యాలా వద్దా అని ఊరే ఓటేసి చెప్పాలి, అందుకే ఈ అర్జీ. నువ్వు ఈ ఊరివాడివి కాదు, నీ సంతకం చెల్లదు. ఊరికే నిలబడు."

నిలబడ్డాను. మనిషి రాలేదు. కానీ పైఅంతస్తులో ఎవరో నడుస్తున్నారు. చలికాలంలో ముసలివాళ్లు వ్యాయామానికి మాల్‌లో చుట్లు తిరుగుతారు కదా, వాళ్లనుకున్నాను. మెత్తని చెప్పుల చప్పుడు మా తలమీదికి వచ్చి, దూరమై, మళ్లీ వచ్చేది.

"వాళ్లు కిందికి రారా?"

"నవంబరు నుంచీ పైన తాళమే," అంది ఇడలీనా, పెన్ను సర్దుకుంటూ.

మధ్యాహ్నం ఆమె మరుగుదొడ్డికి వెళ్లింది. నేను మిగిలిన ఒక్క కొట్లో కాఫీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆమె కాగితం మీదికి వంగి ఉంది. ఖాళీగా ఉన్న ఏడు గళ్లలో ఏడు పేర్లు, చిరునామాలతో సహా.

"మేబెల్ టన్‌స్టాల్," అని చదివింది. "సెప్టెంబరులో ఈమె సమాధి మీద పూలు పెట్టొచ్చాను." మిగతావీ చదివింది. అందరూ ఒకప్పుడు ఇక్కడ చుట్లు తిరిగినవాళ్లే. అందరూ పోయారు.

"ఒరేయ్ ఎర్నీ! ఇలా రా," అని ఫౌంటెన్ దగ్గరున్న కాపలావాణ్ణి పిలిచింది.

"నేనేం చెయ్యలేదు, మిసెస్ బోర్బా."

"నేనింకా ఏమీ అడగందే! మూడో తరగతిలో జెల్లీ కాజేసినప్పుడూ ఇదే మాట."

ఎర్నీ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "బతికుంటే సంతకం పెట్టేవాళ్లేగా? రోజూ మీకు చెయ్యూపి పోయేవాళ్లు."

"ఉంటే పెట్టేవాళ్లు. ప్రతి సంతకం నా కళ్లముందు పడిందని కింద ప్రమాణం చేసేది నేను, నువ్వు కాదు. అది సరే, ఇందులో నీ పేరేదిరా?"

"నా ఉద్యోగం పోతుంది."

"అయిదింటికి ఎలాగూ పోతోంది కదరా!"

"కంపెనీ ఇంకోచోట వేస్తానంది..."

"చచ్చినవాళ్లకున్నపాటి ధైర్యం లేదు నీకు," అంటూ ఆమె ఒక్కో పేరూ పైకి చదివి అడ్డగీత కొట్టింది. ఏడో పేరు చదవగానే ఎర్నీ కాగితం మీదికి వంగాడు.

"మిసెస్ బోర్బా, నేను ఆరే రాశాను. అది నాది కాదు. గడి మిగిల్చాను, మీరడిగితే నా పేరు..."

ఓర్విల్ టీగ్. అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయి. ఓర్విల్‌కు కుడిచెయ్యి పడిపోయిందట. చివరి రెండేళ్లూ ఎడమచేత్తోనే, అలాగే రాసేవాడట. ఇడలీనా ఆ పేరును వేలితో తడిమింది. ఇంకా ఆరని సిరా వేలికి అంటింది.

"ఇదీ నేను చూడలేదు," అంది. దాన్నీ కొట్టేసింది.

అప్పుడు పైన చప్పుడు ఆగింది. చుట్టు పూర్తికాకుండానే, సరిగ్గా మా తలమీద.

ఇడలీనా తల ఎత్తింది. కాగితాల అట్ట తీసుకుంది, పెన్ను చెవికి పెట్టుకుంది. బల్లను అక్కడే వదిలేసి పసుపు గీత దాటింది. ఎర్నీ అలవాటుగా కెమెరా ఎత్తాడు, మళ్లీ దించేశాడు. ఆమె ఆగిపోయిన ఎస్కలేటరుకు కట్టిన గొలుసు ఎత్తి, వంగి దూరి, మెట్లెక్కింది. నావైపు గానీ వాడివైపు గానీ చూడలేదు. "నా కళ్లముందే పెట్టనీ," అనుకుంటూ పోయింది.

పైన నడక మళ్లీ మొదలైంది. మొదట ఆమె బూట్ల చప్పుడు విడిగా వినిపించింది. ఒక చుట్టు తిరిగేసరికి ఏ అడుగులు ఎవరివో చెప్పలేకపోయాను.