ఆధార గ్రంథాల్లో మా అమ్మ

తొమ్మిదో తరగతి సోషల్ ప్రాజెక్టుకు మా అమ్మాయి మన దగ్గరి వరి సాగును ఎంచుకుంది. ఎంచుకోవడమే కాదు, నిజంగానే పనిచేసింది. మొదటి తప్పు అదే. సూర్యాపేట గ్రంథాలయంలో ఒక పుస్తకం చదివింది. మిర్యాలగూడ వెళ్లి రైసుమిల్లు చూసొచ్చింది. నిడమనూరులో మా అమ్మ దగ్గర కూర్చుని, కాలువ రాకముందు పొలాల్లో ఏం పండేదో అడిగి రాసుకుంది.

"నా పేరు గూడ రాస్తవానే?" అందట మా అమ్మ.

"రాస్త నాయనమ్మా, ఒట్టు."

చివరి పేజీలో ఆధార గ్రంథాలు ఎలా రాయాలో నేను చెప్పాను. పుస్తకమైతే రచయిత, పుస్తకం పేరు, అచ్చువేసినవాళ్లు, సంవత్సరం. మనిషైతే పేరు, ఊరు, ఏ సంగతి చెప్పారు, ఏ రోజు. ఎవరి దగ్గర తెలుసుకున్నామో వాళ్ల పేరు చెప్పడం, అంతే. దీనికి కోచింగ్ సెంటరు అక్కర్లేదు.

ప్రాజెక్టు ఎర్ర గీతతో తిరిగొచ్చింది. గీత సరిగ్గా మా అమ్మ పేరు మీద. పక్కన 'ఫార్మాట్ లేదు' అని.

"ఫార్మాట్ అంటే ఏందే?"

"జిరాక్స్ షాపుల దొరుకుతది డాడీ. అందరూ గదే అంటించిర్రు."

దొరికింది. చుట్టూ గులాబీల అంచు, మధ్యలో నాలుగు పుస్తకాల పేర్లు. భూకంపాల మీద రాసిన పిల్లవాడికీ, మొఘలుల మీద రాసిన పిల్లకూ అదే కాగితం. నాలుగింటిలో ఒకటి కెమిస్ట్రీ గైడు. రచయితల పేర్లు లేవు. సిగ్గుపడి తప్పుకొని ఉంటారు.

నాకు కొంచెం కోపం వచ్చింది. బడికి వెళ్లాను. సోషల్ సారు రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చే మనిషి, మర్యాదస్తుడు.

"మనుషుల పేర్లు రాయకూడదండీ. బిబ్లియోగ్రఫీ అంటే పుస్తకాలే."

"తెలుసుకున్నది ఆమె దగ్గర్నే కద సార్. గా నాలుగు పుస్తకాలు మా బిడ్డ కండ్లతోటి సూడలే."

"ఎవరూ చూడలేదండీ," అన్నాడు ఓదార్పుగా.

"మీరు?"

"నేనెందుకు చూస్తానండీ? ప్రాజెక్టు రాసింది పిల్లలు కదా. ఆ పేజీకి ఐదు మార్కులు. అంటించి పంపండి."

చదవనిదాన్ని చదివానని సంతకం పెట్టి చెప్పడాన్ని పెద్దయ్యాక వేరే పేరుతో పిలుస్తారు. బడిలో దానికి ఐదు మార్కులు. ఈ మాట ఇంట్లో చాలాసేపు, బహుశా వీధి చివరిదాకా వినిపించేలా అన్నాను. అమ్మాయి మాత్రం గమ్ము సీసా తీసింది.

"అంటిస్తున్నవా?"

"అంటిస్త. కింద జాగ ఉన్నది గద."

నాలుగు పేర్ల పక్కన పొడుగ్గా ఒక బ్రాకెట్ గీసి, 'ఇవి చదవలేదు' అని రాసింది. కింద ఐదో నంబరు వేసి మా అమ్మ పేరు, నిడమనూరు, 'కాలువకు ముందు సాగు', మాట్లాడిన తేదీ. ఆ తర్వాత గ్రంథాలయం పుస్తకం, మిల్లు. సారు పిలిపిస్తాడని నేను రెండు రోజులు వాదన సిద్ధం చేసుకున్నాను.

పిలవలేదు. పేజీ నిండా ఒకే పెద్ద టిక్కు. ఐదుకు ఐదు.

ఆదివారం నిడమనూరు వెళ్లాం.

"నా పేరు సూసి సారేమన్నడే?"

"రైట్ కొట్టిండు నాయనమ్మా."

మా అమ్మ మురిసిపోయి, కళ్లద్దాలు పెట్టుకుని, వేలు ఆనిస్తూ పైనుంచి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ఆ పేజీని మొత్తం చదివింది ఆమె ఒక్కతే. బ్రాకెట్ దగ్గర వేలు ఆగింది.

"సదవలేదని రాసినవ్ గదనే. మరి రైటెట్ల కొట్టిండు?"