గట్కలో కలిపిన గోళీలు

నా చేతి వంట బాగుందని ఎవరన్నా అంటే, ఇన్నేళ్ళయినా అక్కడ నిలవలేక లేచిపోతాను. దాని వెనకున్న బరువు ఇక మోయలేను. మీకు చెబుతాను. మీరు నన్నెరగరు, అదే మేలు.

మా ఆయన మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నడుము పట్టేసింది. డాక్టరు నొప్పి గోళీలిచ్చి, తిన్నాక ఒక్కటే వేసుకోవాలని, వారం దాటొద్దని, కడుపులో మంటపుడితే వెంటనే ఆపాలని మరీ మరీ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. వినలేదని ఎలా అనను?

వారం కాగానే ఆయన గోళీలు మానేశాడు. నొప్పి తిరగబెట్టింది. "గీ బాయి పని నాతోని కాదే. ఊరికి పోదాం" అన్నాడు. ఊళ్ళో మాకేముంది? కొట్టంలో ఒక మూల. ఇక్కడ కంపెనీ ఇచ్చిన క్వార్టరు, వాకిట్లో నల్లా, కరెంటు దీపం. ఆ దీపం కిందే ఆయన నాకు అక్షరాలు నేర్పాడు. వదల్లేకపోయాను. ఆయన నడుము కంటే నాకు ఆ ఇల్లే ఎక్కువైందా? అయింది. నా బుద్ధి గడ్డి తిన్నది.

నాకే నొప్పులని చెప్పి ఇరుగుపొరుగు దగ్గర అవే గోళీలు అడుక్కొచ్చాను. నూరి, చేదు తెలియకుండా పులిసిన మజ్జిగ పోసి, ఆయన రోజూ జావలా తాగే జొన్నగట్కలో కలిపాను. మొదట ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత చేతికెంత వస్తే అంత.

"ఏం కలుపుతున్నవే గిందుల? తాగంగనే నడుం అల్కగైతది."

"ఏం గలుపుత? ఉప్పు, మజ్జిగ."

"ఇగ గోళీలెందుకు? నీ చెయ్యే మందు" అని నవ్వాడు.

అప్పుడన్నా చెప్పొచ్చు కదా! చెప్పకపోగా ఇంకో గరిటె పోశాను. పైగా ఆ మెప్పు నాకు తియ్యగా ఉండింది.

కొన్నాళ్ళకు కడుపులో మంటన్నాడు. "జర గట్క పొయ్యి, సల్లవడ్తది" అని చెంబు చాపాడు. పొద్దున డ్యూటీ ఉంది కదా అని అందులోనూ కలిపాను.

నెత్తురు కక్కుకుంటుంటే నేనూ మా అత్తా దవాఖానకు తీసుకుపోయాం. గోళీలు ఇంకా వేసుకుంటున్నావా అని డాక్టరు గట్టిగా అడిగాడు. "ఎప్పుడో బంద్ జేసిన సారూ" అన్నాడాయన. అని, సాక్ష్యం చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

ఆ రోజే పోయాడు. నిజం చెబితే బతికేవాడేమో. ఏమో! చివరిదాకా నీ చేతి గట్కే అడిగిండు బిడ్డా అని మా అత్త నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమెకూ చెప్పలేదు.

క్షమించమని ఎవరినీ అడగను. అడగాల్సిన మనిషి లేడు. ఇది రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆయన డాక్టరుతో తెలిసి అబద్ధం చెప్పలేదు. నేనే చెప్పించాను. ఆయన నేర్పిన అక్షరాలతోనే ఆ మాట రాస్తున్నాను.