బెల్టు చూపిస్తేనే ఇడ్లీ

హిందీ మాట్లాడే ఉక్కు పట్నంలోని గోల్‌మురిలో నూకమ్మ ఇడ్లీ బండి దగ్గర జేబులో డబ్బులుంటే సరిపోదు. ఎత్తు మీద పనిచేసే మనిషైతే భుజానున్న సేఫ్టీ బెల్టు ముందు ఆమె చేతికివ్వాలి. కుట్టు లాగి, కొక్కెం నొక్కి చూశాకే ప్లేటు పెడుతుంది. పోగులు లేచాయా, ఆ పూట పస్తే. కొత్తవాళ్లు ఇదేం పిచ్చని నవ్వితే పాతవాళ్లు మోచేత్తో పొడిచి ఊరుకోబెడతారు. ఆమె మొగుడు అసిరయ్య ఫ్యాక్టరీ షెడ్డు పైకప్పు మీంచి పడి చనిపోయిననాడు ఆయన నడుముకీ బెల్టు ఉంది. అది బరువు ఆపలేక తెగింది.

అలాగని ఎత్తు పని మానెయ్యమని ఆమె ఎవరికీ చెప్పదు. మానేస్తే తినేదేమిటి? కొడుకు మనోజ్ అదే పనిలో చేరినప్పుడు కూడా ఏడ్చి, తిట్టి, చివరికి క్యారేజీ కట్టింది. భయం లేక కాదు, బోలెడుంది. దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి మేపడం ఆమెకి చేతకాదు.

ఆ పొద్దున మనోజ్ బెల్టు సంచిలో కుక్కుకుని బండి పక్కనుంచి జారుకోబోయాడు. నూకమ్మ సంచి లాక్కుని చూసింది. కుట్టు సగం ఊడిపోయి ఉంది.

“ఇదేటిరా?”

“ఛోడో నా, వదిలెయ్ అమ్మా! స్టోర్లో ఇదే ఇచ్చారు.”

అంతలో కాంట్రాక్టరు సూపర్‌వైజర్ నాగేంద్రబాబు స్కూటర్ ఆపాడు. నూకమ్మలాగే శ్రీకాకుళం వైపు మనిషే.

“పిన్నీ, నీ వల్ల పనోళ్లంతా కొత్త బెల్టులని గోల పెడతన్నారు. ఇంకోపాలి ఇలాగ సేత్తే ఇక్కడ బండుండదు. ఒరే మనోజ్, ఎక్కుతావా, ఇంటికెల్తావా?”

మనోజ్ తల దించుకుని బెల్టు కోసం చెయ్యి చాపాడు.

నూకమ్మ బెల్టు వదల్లేదు. ఇన్నాళ్లూ తను ఇడ్లీ మానిపించిందే గానీ ఎక్కడం మానిపించిందా? చెడ్డ బెల్టువాళ్లు ఆకలితోనే పైకెక్కారు. ఆ సంగతి ఇప్పుడు తట్టి తన మీద తనకే ఒళ్లు మండింది. ఉల్లిపాయల కత్తి తీసి బెల్టుని రెండు ముక్కలు చేసింది.

“సూసేవా బాబూ, ఉల్లిపాయకన్నా సులువుగా తెగింది. దీనికి నా కొడుకుని ఏలాడదీత్తావా?”

“మేరీ నౌకరీ గయీ!” మనోజ్ అరిచాడు.

“పోతే పోనీరా. నన్ను తిట్టుకుంటూ ఇంకోటి ఎతుక్కో. బతికుండి తిట్టు.”

“రేపీ బండి ఎలాగుంటాదో సూత్తాను,” అన్నాడు నాగేంద్రబాబు.

“బండి తీసేత్తే గంప నెత్తినెట్టుకుని వత్తాను. నా కాళ్లు కూడా తీయించేత్తావేటి?”

బండి చుట్టూ పనివాళ్లు మూగారు. నిన్న ఇడ్లీ దొరక్క తిట్టుకుంటూ పోయిన పోలరాజు ముందుకొచ్చి తన బెల్టు ఉల్లిపాయలు కోసే చెక్క మీద పడేశాడు.

“నాదీ కోసెయ్ వొదినా. మమ్మల్నందర్నీ ఇంటికి పంపేత్తే ఆ షెడ్డు కప్పు ఈ బాబే ఎక్కుతాడు.”

నూకమ్మ కొయ్యబోతే ఆ బెల్టు పాత పట్టా వదులుగా ఉండి కత్తికి పక్కకి జరిగిపోతోంది. మనోజ్ కోపం ఇంకా తగ్గలేదు. అయినా వచ్చి రెండో కొస గట్టిగా లాగి పట్టుకున్నాడు.