గుట్టకిందపల్లి వాన సీసా

తిరుపాలమ్మ టీచరుకు తరగతులు ఐదు, గది ఒకటి, గోడలు నాలుగు. ఈ లెక్క ఎటు తిప్పినా సరిపోదని గుట్టకిందపల్లి బడిలో చేరిన మొదటి రోజే ఆమెకు అర్థమైంది. అందుకని ఒక్కో తరగతిని ఒక్కో గోడకు తిప్పి కూర్చోబెట్టి, మిగిలిపోయిన ఐదో తరగతిని వసారాలోకి తోలింది. పెద్దపిల్లలు కదా, నాలుగు గాలులు తగిలితే బాగుపడతారని తల్లిదండ్రులకు నచ్చజెప్పింది. ఆ వసారాలో గాలి కంటే దుమ్మే ఎక్కువ. మధ్యాహ్నం అన్నం వేళకు ఐదో తరగతి మొత్తం ఒకే రంగులో ఉంటుంది.

ఆమె పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరలు నేసే ఇంట్లో. ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం మీద నాయన పక్కన కూర్చుని అంచు వైపు పోగు చుట్టిన నాడె వేసేది. కాస్త పరధ్యానంగా ఉంటే పోగు తెగేది, పోగు తెగితే నాయన నోరు తెరుచుకునేది. ఆయన తిట్లలో సగం ఇప్పుడు గుట్టకిందపల్లి పిల్లలకు కంఠతా వచ్చు. మిగతా సగం బయటికొస్తే ఉద్యోగం పోతుందని ఆమె గొంతులోనే ఆపుకుంటుంది. అయితే ఒకేసారి నాలుగు వైపులా చూడటం కూడా ఆ మగ్గం దగ్గరే అబ్బింది. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూనే, వెనక్కి తిరక్కుండా, "వీరేష్, ఆ బలపం ముక్కులోంచి తియ్యి" అనగలదు.

ఆమెకు పడనివి పుస్తకాల్లోని కృత్యాలు. 'మీ ఊరి చెరువుకు వెళ్ళి అందులోని జీవులను గమనించండి' అని ఉంటే మూడో తరగతిని నిజంగానే చెరువుకు పంపింది. వాళ్ళు పోయి, చెరువులో క్రికెట్ ఆడుతున్న తమ మామలనూ చిన్నాయనలనూ గమనించి వచ్చారు. రాసింది తప్పు కాదు కాబట్టి అందరికీ మార్కులు వేసింది.

ఇలా సాగుతుండగా ఆ ఏడు బడి తెరిచిన కొత్తలోనే మండల విద్యాధికారి పిడుగులాంటి మాట చెప్పాడు. మూడు, నాలుగు, ఐదు తరగతులను పెద్ద రోడ్డు అవతలి ఊరి బడిలో కలిపేస్తారట. ఒక్క టీచరు ఐదు తరగతులకు ఏం చెబుతుందని ఆయన ప్రశ్న. దసరా సెలవులయ్యాక వచ్చి, పిల్లల చదువు చూసి, తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ సంతకం తీసుకుని తేల్చేస్తానన్నాడు.

ఆ చైర్మన్ ఎర్రప్ప. మెట్టభూమిలో వేరుశనగ వేసే రైతు, మాట కరుకు, మనసు మాత్రం ఆయనకు అనుకూలంగా ఉన్నప్పుడు మంచిదే. బడి గది ఖాళీ అయితే ఎన్ని కాయల మూటలు పడతాయో అప్పటికే కళ్ళతో కొలిచిపెట్టుకున్నాడు. ఆయన కూతురు జ్యోతి నాలుగో తరగతి. టీచరు ఒకటంటే తాను రెండనే పిల్ల, అందుకే తిరుపాలమ్మకు ప్రాణం.

"మరి జ్యోతి సంగతేమన్నా?" అని టీచరు అడిగింది.

"యాం సంగతి? లారీలు తిరిగే రోడ్డు దాటి ఆడపిల్లను యాడికి పంపేది టీచరమ్మా? ఇంట్లో మేకలుండాయి కదా" అన్నాడు ఎర్రప్ప, మేకలు కూడా ఒక బడే అన్నట్టు.

మగపిల్లలు ఎలాగో పోతారు. జ్యోతితో పాటు ఆడపిల్లలందరూ మేకల వెంట పోతారు. తిరుపాలమ్మ అది జరగనివ్వదలుచుకోలేదు. ఐదు తరగతులకూ ఒకేసారి చదువు చెప్పగలనని ఆ అధికారికి కళ్ళారా చూపించాలని పంతం పట్టింది.

విత్తనాలు పడ్డాక ఒక కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, ఆ మెడనే గరాటులా బోర్లించి, పక్కన స్కేలు అంటించి, బడి ముందు బండ మీద నిలబెట్టింది. పాఠంలో దాని పేరు వర్షమాపకం. పిల్లలు వాన సీసా అన్నారు. పొద్దున్నే ఒకటో తరగతి అందులో నీళ్ళున్నాయో లేవో చూసి అరవాలి. రెండో తరగతి వేళ్ళతో కొలవాలి. మూడో తరగతి స్కేలు చదవాలి, నాలుగో తరగతి గోడమీది చార్టులో గీత గీయాలి, ఐదో తరగతి నాలుగు వాక్యాలు రాసి ప్రార్థనలో చదవాలి.

అంతా బాగానే ఉంది, వాన తప్ప. ఒకటో తరగతి రోజూ ఖాళీ సీసా చూసి "ల్యా!" అని అరిచేది. రెండో తరగతి ఏమీ లేనిదాన్ని శ్రద్ధగా కొలిచేది. ఐదో తరగతి ఒకరోజు ఇలా చదివింది: "నేడు వాన లేదు. నిన్న కూడా లేదు. రేపు ఉండవచ్చు. మా నాయన మాత్రం ఉండదన్నాడు. ఈ వివరాలు మండలం సారుకు చూపిస్తాము."

ఆ చివరి వాక్యం ఊళ్ళోకి నడిచిపోయింది. అది ఏ రూపంలో ఎవరి ఇంట్లో దూరిందో తిరుపాలమ్మకు అప్పట్లో తెలియదు.

వేరుశనగ చెట్లు సగం ఎండిపోయాక ఒక రాత్రి వాన పడింది. పొద్దున ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని, బురదలో చెప్పులు చేతబట్టుకుని, పెళ్ళికి పోతున్నంత సంబరంగా బడికి వచ్చింది. బడి ముందు చీలమండల లోతు నీళ్ళున్నాయి. ఒకటో తరగతి ఆ నీళ్ళలోనే నిలబడి సీసాలోకి తొంగి చూసి, "ల్యా!" అని అరిచింది. సీసా నిజంగానే ఖాళీ.

ఆ తర్వాత మాడు పగిలే ఎండలో ఒక పొద్దున వాళ్ళే "ఉండాది!" అని గంతులేశారు. నాలుగో తరగతి చూసింది చూసినట్టే గీతలు గీసింది. వాన కురిసిన రోజు సున్నా, నిప్పులు కురిసిన రోజు రెండు వేళ్ళు. చార్టు చూస్తే టీచరుకే తల తిరిగింది. ఇంతలో ఒకటో తరగతి వంశీ సీసాలో వేలు ముంచి చప్పరించాడు.

"మేడం, ఈ వాన తియ్యగుండాది. రాగిజావ మాదిరి."

బడిలో వంట చేసే హనుమంతమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి కొంగు దులుపుకుంది. దాచే మనిషి కాదు.

"నేనే పోసినా మేడం. పిల్లోల్లు దినామూ ఆ సీసా కాడికి పొయ్యి మొగాలు యాలాడేసుకొని వస్తాంటే కడుపు తరుక్కపాయ. ఒక గలాసు పోస్తే యాం మునిగిపాయ?"

"పోస్తే పోసినావు, జావగిన్నె కడిగిన నీళ్ళా అక్కా పోసేది?"

"మంచినీళ్ళు పోస్తే మల్లా బిందె మోసుకొచ్చేది ఎవురు? నేనే కదా! అయినా నేను పోసేదాన్నే గానీ పారబోసేదాన్ని కాదు. అది ఇంకెవురో."

ఆ ఇంకెవరో రెండో వాన నాడు అడుగుజాడ వదిలిపోయారు. సీసా మళ్ళీ ఖాళీ, బండ పక్కన బురదలో మాత్రం ఒక చెప్పు గుర్తు అచ్చు వేసినట్టు పడింది. తిరుపాలమ్మ నోట వాళ్ళ నాయన తిట్లలో దాచుకున్న సగం కూడా బయటికి రాబోయి ఆగింది. "ఈ పొద్దు పాఠం ఇదే" అంది.

గుర్తును మొదట చూసి అరిచింది ఒకటో తరగతి. రెండో తరగతి దాన్ని జానలు, బెత్తెలతో కొలిచింది. మూడో తరగతి స్కేలు పట్టింది. నాలుగో తరగతి తరఫున జ్యోతి పాత పేపరు మీద ఆ చెప్పును గీసి, కత్తిరించింది. ఐదో తరగతి రాసింది: "ఇది టైరు చెప్పు. ఎడమ కాలిది. మడమ దగ్గర అతుకు ఉంది. మనిషి పెద్దవాడు, లేదా పెద్ద చెప్పులు వేసుకున్న చిన్నవాడు."

ఆ రోజు నుంచి జ్యోతి నోరు మూతపడింది. టీచరు ఒకటంటే ఒకటికే తలూపింది. జ్వరమేమోనని తిరుపాలమ్మ నుదురు కూడా పట్టుకుని చూసింది.

అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. ఆ పిచ్చి చార్టు ఆయన చూస్తే బడి మూసేయడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. తిరుపాలమ్మ ఫోనులో వాన లెక్కలు చూసి, కొత్త చార్టు పరిచి, స్కెచ్ పెన్ను మూత తీసింది. పక్కనే నిలబడ్డ జ్యోతి చాలా రోజుల తర్వాత నోరు విప్పింది.

"మేడం, మనం చూసింది ఇది కాదు కదా."

"నువ్వు మూసుకో" అంది టీచరు. అని, కాసేపు ఆ తెల్ల కాగితం వైపే చూసి, పెన్ను మూత పెట్టేసింది. ఆమెకు సిగ్గేసింది. ఎవరి కోసం ఈ పాట్లన్నీ పడుతోందో ఆ పిల్లతోనే అనిపించుకుంది మరి.

అధికారి వచ్చిన నాడు ఊళ్ళో మగవాళ్ళందరూ వసారాలో చెప్పులు విడిచి గదిలో కూర్చున్నారు. ఎర్రప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను కనిపించేలా ముందు వరసలో ఉన్నాడు. అధికారి చార్టు దగ్గర ఆగి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? వాన పడిన రోజు సున్నా, ఎండ కాసిన రోజు ఇంత పొడుగు గీతా?"

"ఆ పొద్దు పడింది వాన కాదు సార్, రాగిజావ" అన్నాడు వంశీ, తెలిసిన విషయం చెప్పకుండా ఉండలేక.

అధికారి సంచిలోంచి కాగితం తీసి ఎర్రప్ప ముందు పెట్టాడు. ఎర్రప్ప పెన్ను మూత తీశాడు.

అప్పుడు గుమ్మంలోకి జ్యోతి వచ్చింది. ఒక చేతిలో పేపరు పాదం, ఇంకో చేతిలో టైరు చెప్పు.

"మేడం, సీసాలో నీళ్ళు పారబోసిన చెప్పు ఇదే."

"ఎవరిది పాపా?"

"మా నాయనది."

ఎర్రప్ప లేచి నిలబడ్డాడు. కొడతాడేమోనని తిరుపాలమ్మ పిల్లకు అడ్డంగా జరిగింది.

"అవునప్పా, నేనే పారబోసినా" అన్నాడు ఎర్రప్ప, అధికారి వైపు తిరిగి. "ఈ సీసా రిపోర్టు మండలానికి పోతాదని పిల్లోల్లే చెప్పిరి. గింజ పట్టేటప్పుడు ఒక సుక్క పడల్యా. చెట్టు ఎండినంక పడింది. సీసాలో నీళ్ళు చూస్తే పంట బీమావోల్లు, మీకు వానొచ్చింది కదా, ఇంగ కష్టమేముండాది అంటారు. మా ఎండిన చెట్లను ఎవురు సూస్తారు సార్? సీసాలనే కదా మీరు సూసేది!"

వెనక కూర్చున్నవాళ్ళలో సగం మంది తలలు దించుకున్నారు. పారబోసింది ఒక్కడే అయినా సలహా వాళ్ళందరిదీ. పిల్లల ఆటసీసాకూ బీమాకూ సంబంధం లేదని అధికారి చెబుతూ చెబుతూ నవ్వాపుకోలేకపోయాడు. తిరుపాలమ్మకు కోపం రావలసింది, రాలేదు. ఆ ఎండిన చెట్లను ఆమె రోజూ దారిలో చూస్తూనే ఉంది.

"సరేలే పెద్దాయనా, సంతకం పెట్టు" అన్నాడు అధికారి.

ఎర్రప్ప కూతురి చేతిలోంచి పేపరు పాదాన్ని తీసుకుని తన చెప్పు మీద పరిచాడు. మడమ అతుకుతో సహా సరిపోయింది.

"ఇది కొల్చింది ఎవురు?"

"మేము!" అన్నాయి రెండో తరగతీ మూడో తరగతీ కలిసి.

"గీసింది?"

"నేనే నాయనా" అంది జ్యోతి.

"నాదని తెలిసే గీసినావా?"

"తెలిసే."

ఎర్రప్ప పెన్ను మూత పెట్టి జేబులో దోపుకున్నాడు.

"సార్, నా కూతురు నన్నే పట్టిచ్చింది. ఇంగ రోడ్డవతల బడిలో దీనికి కొత్తగా నేర్పేదేముండాది?"

"నువ్వే కదయ్యా, మొన్న నాతో ఇక్కడ చదువే లేదన్నావు?"

"అన్నా. అప్పటికి నా చెప్పు కొలవల్యా."

కమిటీ ఒప్పుకోలేదని రాసుకుని అధికారి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏడు మళ్ళీ వస్తాడని తిరుపాలమ్మకు తెలుసు. వస్తే అప్పుడు చూసుకోవచ్చు. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె ఎర్రప్పను ఆపి, "ఇంగ సీసాకు కాపలా నువ్వే ఎర్రప్పన్నా" అంది. ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

అక్కడికి అయిపోవలసిందే. కానీ వేరుశనగ పీకి, చేలలో కుప్పలు వేసి ఆరబెట్టుకున్న వారంలో, ఎవరూ కోరని వాన రాత్రంతా కుండపోతగా కురిసింది. తెల్లారి తిరుపాలమ్మ పరుగులాంటి నడకతో బడికి వచ్చింది. సీసా ఈసారి రోడ్డు అవతల పడి ఉంటుందనుకుంది.

ఎర్రప్ప బండ పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద, నెత్తిన పిండని తువ్వాలు. చేలో పట్టలు కప్పి కప్పి చాలక, అటునుంచి అటే వచ్చినట్టున్నాడు. సీసా నిండి పొర్లుతోంది. ఒకటో తరగతి "ఉండాది!" అని ఎగిరి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. లోపల జ్యోతి చార్టు ముందు స్కెచ్ పెన్ను పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

ఎర్రప్ప లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"ఏం పాపా, సూస్తాండావు? రాయి."

"నాయనా, మన కాయలు..."

"కాయల సంగతి నేను సూసుకుంటా. పడింది పడినట్టు రాయి."

జ్యోతి గీత గీసింది. చార్టు చాలక, ఆ గీత పైఅంచు దాటి గోడ మీదికి పోయింది.