చప్పుడులో మాట్లాడే పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని కోరుట్లలో, మా అమ్మగారింట్లో ఉండగా తెలిసింది. కుట్టుపని నేర్చుకునే దగ్గర స్నేహమైన ఒకామె ఫోన్ చేసి, "పెద్దమ్మ పొద్దుగాల లేవలేదే" అంది. నేను సిరిసిల్లలో బస్సు దిగి వాడలోకి వచ్చేసరికి, ఆమెను తీసుకుపోయినవాళ్లు స్నానాలు చేసి తిరిగి వస్తున్నారు. ఆఖరి చూపు దక్కలేదు.

ఏడో తరగతితో ఆగిన చదువు నాది. నలుగురిలో మాట్లాడలేను. ఇలా రాయడమూ ఇదే మొదలు. కానీ చేయని పనికి ఆమె మీద ఒక నింద మిగిలిపోయింది. అది నా వల్ల మిగిలింది కనుక నేనే రాయాలి.

పెద్దమ్మ ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టింది. నూలును చిన్న గొట్టాలకు ఎక్కించే పని అది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. వాడలో చిన్నవాళ్లందరికీ పెద్దమ్మే. చాయ్ సాసరులో పోసుకుంటే తప్ప తాగేది కాదు. నేను కొత్త కోడలిగా వచ్చి ఎవరేం అడిగినా తల దించుకుంటుంటే, "సిగ్గుపడు బిడ్డా, ఎవలు వద్దన్నరు? గని ఆకలైతుందని చెప్పెటందుకు గూడ సిగ్గైతె ఎట్ల?" అని నవ్వేది.

పోయిన చలికాలం మా దగ్గరి కాలేజీ మైదానంలో జగిత్యాల కుర్రాళ్ల రాక్ బ్యాండు వచ్చింది. కుట్టుపని స్నేహితురాళ్లిద్దరూ పోతున్నారు. నాకూ పోవాలని ఉంది, అత్తమ్మను అడగడానికి నోరు రాలేదు. పెద్దమ్మతో చెప్పుకున్నాను. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చి, "చెల్లె, నాకు గా పాటలు చూడబుద్ధైతుంది. కోడలిని తోడు పంపు" అంది.

"గీ వయసుల నీకు గా పాటలేందక్కా!" అంది అత్తమ్మ నవ్వుతూ.

"గిప్పుడు గాకుంటె సచ్చినంక చూస్తనా?"

నలుగురం గడ్డిలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. ఎండ తగ్గుతోంది. చుట్టూ జనం కాళ్లు చాపుకుని, పల్లీలు తింటూ వింటున్నారు. ఏ పనీ లేకుండా బయట అట్లా కూర్చోవడం నాకు కొత్త. పాట మొదలవగానే గుండె దడదడలాడింది. పక్కవాళ్ల మాట వినపడదు. పెద్దమ్మ మాత్రం గొంతు లేపకుండా, పెదవులు కదుపుతూ వేళ్లు తిప్పుతూ హాయిగా మాట్లాడుతోంది. మగ్గాల చప్పుడులో షెడ్డు పనివాళ్లు ముప్పై ఏళ్లూ అట్లాగే మాట్లాడుకున్నారట. కాసేపటికి నాకూ అందింది. డ్రమ్ములు వాయించే అతన్ని చూపించి, "గీనికి నాలుగు మగ్గాలిచ్చినా నడుపుతడు" అంది. నేనూ పెదవులతోనే జవాబిచ్చాను. గొంతు అక్కర్లేని చోట నాకు సిగ్గు లేదని ఆ సాయంత్రమే తెలిసింది. పెళ్లయ్యాక అన్ని మాటలు నేను ఎవరితోనూ ఆడలేదు.

ఆఖరి పాటకు జనం లేచారు. నేనూ లేచాను. "నాతోని కాదే" అంటున్నా వినకుండా పెద్దమ్మ చేయి పట్టి లేపాను. ఇద్దరం ఎగిరాం. ఎవరో ఫోన్లో తీశారు.

మర్నాడు ఆ వీడియో అత్తమ్మ దాకా వచ్చింది. "నడి మైదానంల ఎగురుడేంది? ఎవలు లేపిండ్రు నిన్ను?" అని అడిగింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పెద్దమ్మ నా ముఖం చూసి, "నేనే గుంజిన చెల్లె. పిల్ల వద్దనే అన్నది" అంది.

"నీకు ముందెనక ఎవలు లేరు, ఎగురుతవ్. మా ఇజ్జత్ ఏం గావాలె? ఇగ మా గడప తొక్కకు."

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. నేల చూస్తూ నిలబడ్డాను.

తర్వాత నాలుగు నెలలు ఆమె మా ఇంటికి రాలేదు. అత్తమ్మ లోపలికి పోయినప్పుడు, ఎదురింటి అరుగు మీద నుంచి పెదవులతో "తిన్నవా?" అని అడిగేది. ఒకసారి నేను "తప్పయింది పెద్దమ్మా" అన్నాను, చప్పుడు లేకుండానే. "పోగు తెగితె ముడేసుకునుడే బిడ్డా, గా మాత్రం దానికి పంచాయితి ఎందుకు?" అంది. కోరుట్లకు బయలుదేరిన నాడు అత్తమ్మ నా పక్కనే ఉంది. అరుగు మీద నుంచి "పోయి రా బిడ్డా" అని పెద్దమ్మ పెదవులు కదిలాయి. నేను బ్యాగు సర్దుకుంటున్నట్టు తల తిప్పుకున్నాను. ఆ తర్వాత ఆమెను చూడలేదు.

పదకొండో రోజు అయ్యాక ఆమె అన్న కొడుకులు ఇంటికి తాళం వేసి వెళ్లిపోయారు. మరునాడు పొద్దున అత్తమ్మ బియ్యం చెరుగుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను.

"అత్తమ్మా, ఆ రోజు పెద్దమ్మ నన్ను లేపలే. నేనే ఆమెను లేపిన. పోదామన్నది గూడ నేనే."

చేతిలో చేట ఆగింది. "నాకెరుకే" అంది అత్తమ్మ. "వీడియోల కనవడుతనే ఉండె గద, ఎవల చెయ్యి ఎవలు పట్టిండ్రో."

"మరి ఆమెనెందుకు రావద్దంటివి?"

"కోపంల అన్న. నువ్వన్న అడ్డం చెప్తవనుకున్న. నువ్వు చెప్పకపోతివి, నేను పిలువకపోతి."

చేట పక్కన పెట్టి లేచింది. చీపురు, నీళ్ల బకెట్ తీసుకుని ఎదురింటికి పోయింది. తాళం వేసిన ఆ తలుపు ముందు ఊడ్చి, వంగి నీళ్లు చల్లింది. నేను ముగ్గు గిన్నె పట్టుకుని వెనకే పోయాను. మొదటి గీత ఎక్కడ పెట్టాలో తెలియక, ఆ తడి ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.