చేతులు కడుక్కొని రా

నాచారంలో మేము గ్రూప్స్ పరీక్షలకు చదువుకున్న గ్రంథాలయంలో రాష్ట్ర చరిత్ర, సంస్కృతి, పరిపాలన పుస్తకాలన్నీ ఒకే బీరువాలో ఉండేవి. వాటిని మా బారి నుంచి కాపాడిన మహానుభావుడు లైబ్రేరియన్ సారు. ఎవరు పుస్తకం అడిగినా జేబులోని తాళంచెవిని ఓసారి తడుముకునేవారు.

"ఇస్త గని, ముందుగాల చేతులు కడుక్కొని రా. పేజీలు ఖరాబైతయ్."

బయట నల్లాకు నీళ్లు వచ్చేవి కావు. ఒకరోజు పంతం పట్టి, ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెచ్చి ఆయన కళ్లముందే కడుక్కున్నాను. సారు నా అరచేతులు తిప్పి తిప్పి చూశారు.

"తడిగున్నయ్ గద, ఆరనియ్."

అవి ఆరేలోపు భోజనానికి వెళ్లిపోయారు.

పుస్తకం ఇవ్వకుండానే ఆయన నాకు పరిపాలన నేర్పారు. ఎలాగో సర్కారు కొలువు వచ్చింది. ఇప్పుడు నా టేబుల్ దగ్గరికొచ్చి ఎవరైనా ఫైలు అడిగితే, ముందు ఆధార్ జిరాక్స్ తెమ్మంటాను. తెస్తే, మసకగా ఉందంటాను.