కాగితాలు తీయని బొంత

వీధిలో అందరికీ ఆవిడ అంగుళాలత్త. బొంతకి అంగుళం ముక్కలు తప్ప మరో కొలత ఒప్పుకోదు. ఆవిడ కుట్టు మీద నడవబోయిన చీమ దారం ఎక్కడుందో తెలియక వెనక్కి తిరిగిపోయిందంటారు. చీమ సంగతేమో గానీ కుట్టు మాత్రం నిజం.

దళసరి కాగితాన్ని అంగుళం చదరాలుగా కత్తిరిస్తుంది. ఒక్కోదాని మీద గుడ్డముక్క మడిచి కచ్చా కుట్టు వేస్తుంది. అంచుకి అంచు కలిపి సన్నగా కుడుతుంది. అంతా అయ్యాక బొంతని వెనక్కి తిప్పి, కచ్చా కుట్లు విప్పి, కాగితాలు లాగేస్తుంది.

ఈసారి బొంత కూతురికి పుట్టబోయే బిడ్డకి. ముక్కలు కూతురే తెచ్చింది, తను పనిచేసే బట్టల మిల్లు మూడో అంతస్తు నుంచి. కాగితం అదే మిల్లు ఆఫీసులో బంట్రోతైన అత్త మొగుడు తెచ్చాడు.

"మేనేజరుగారు కాల్చెయ్యమన్నారే. అట్టలా ఉంది, కాల్చడానికి మనసొప్పలేదు."

"పోన్లెండి, పెళ్లయ్యాక మొదటిసారి పనికొచ్చేది తెచ్చారు."

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని కాగితాలు లాగుతోంది. నాలుగోదాని మీద టైపు అక్షరాలు: "పగులు". తర్వాతదాని మీద "మూడో అం". వేళ్లు ఆగిపోయాయి. ఇక లాగకుండా, ఉన్నచోటే ఒక్కోటీ చదివింది. కత్తిరించేటప్పుడు కొలత చూసిందే గానీ రాత చూడలేదు; రంగులు కుదరాలని వాటిని చెల్లాచెదురు చేసిందీ తనే. ఒక వరసలో "దూలం". ఎక్కడో మూల "వెంటనే ఖాళీ". పసుపు పూల మడత కింద "కూలే".

పొద్దున కూతురు డబ్బా సర్దుకుంటూ అంది, "మెషీన్ మీద దారం రీళ్లు వాటంతటవే ఒక పక్కకే దొర్లిపోతున్నాయమ్మా." "దొర్లితే పట్టుకో, పని ఎగ్గొట్టకు" అని తను నవ్వింది.

బొంత భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా మిల్లుకి పరిగెత్తింది.

"ఏంటత్తా, మిట్టమధ్యాహ్నం బొంత కప్పుకొచ్చావ్? చలా?" అన్నాడు గేటు దగ్గరి వాచ్‌మన్.

"చలి నీకు పుడుతుంది. చదువు."

మొదటి రెండు ముక్కలు నవ్వుతూ చదివాడు. ఆ తర్వాత నవ్వలేదు.

"ఇది పైవాళ్లకి తెలుసా?"

"కాల్చెయ్యమన్నవాడికి తెలుసు. గంట కొట్టు!"

"అడక్కుండా కొడితే నా ఉద్యోగం ఊడుతుందత్తా."

"కొట్టకపోతే పైకప్పే ఊడుతుంది. నా కూతురు పైనే ఉందిరా!"

గంట మోగింది. ఆడవాళ్లు గొణుక్కుంటూ, మేనేజరుని తిట్టుకుంటూ మెట్లు దిగారు. అత్త ఒక్కో మొహం వెతికింది. అందరికన్నా వెనక, నిండు కడుపుతో, గోడ పట్టుకుని కూతురు దిగింది.

"ఏంటమ్మా ఈ గోల? కాగితాలైనా తియ్యకుండా తెచ్చేశావు బొంతని!"

అత్త కూతురి మణికట్టు పట్టి గేటు దాటించింది. అప్పుడే వెనక చప్పుడైంది. టక్, టక్, టక్.

ఎర్ర దారం రీలు ఒక్కో మెట్టూ దొర్లుతూ వచ్చి గుమ్మంలో ఆగింది. దాని వెనక నీలం రీలు. ఆ వెనక లెక్కలేనన్ని.

మెట్ల మీద మనిషన్నవాడు లేడు.